కొంగకు వదిలిన ఖాళీ

ఇన్సూరెన్సు వాళ్ళు, బ్యాంకు లోన్ల వాళ్ళు, ఫ్లాట్లు అమ్మేవాళ్ళు, ఎవరు ఫోన్ చేసినా కప్పమ్మను అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"పాపా, ఇంట్లో అమ్మ ఉందా? ఒకసారి పిలుస్తావా?"

"అమ్మ లేదండీ."

"పోనీ నాన్న?"

"నాన్నా లేడండీ. నేనొక్కదాన్నే ఉన్నాను."

అవతలివాళ్ళు కంగారుపడి, తలుపు గడియ పెట్టుకోమ్మా, ఎవరొచ్చినా తీయకు అని జాగ్రత్తలు చెప్పి మరీ పెట్టేసేవాళ్ళు. అరవై దాటిన మనిషికి ఈ రోజుల్లో ఇంతకన్నా ఎవరు జాగ్రత్తలు చెబుతారు? పైగా ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ముక్క కూడా లేదు. నవ్వుకుంటూ రిసీవరు పెట్టేసేది. ఆ నవ్వు వినడానికి కూడా ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

వయసు ఆమె మోకాళ్ళకు వచ్చింది, జుట్టుకు వచ్చింది, గొంతుకు మాత్రం రాలేదు. ఆ గొంతే ఆమెకు ఇన్నేళ్ళూ తిండి పెట్టింది. చిన్నపిల్లల బొమ్మల సీరియల్ ఒకటి ఏళ్ళ తరబడి టీవీలో వచ్చేది. ఒక చెరువు, అందులో చెంగి అనే కప్ప, గట్టు మీద ఒంటికాలయ్య అనే కొంగ. కథ ఎప్పుడూ ఒకటే. ఒంటికాలయ్య కళ్ళు మూసుకుని దొంగజపం చేస్తుంటాడు. చెంగి వెక్కిరిస్తుంది. ఆయన వెంటపడతాడు, అది చెంగున తప్పించుకుంటుంది, ఆయన బురదలో బొక్కబోర్లా పడతాడు. మర్నాడు మళ్ళీ మొదలు. చెంగికి గొంతు ఇచ్చింది ఈమె కాబట్టి స్టూడియోలో అందరికీ కప్పమ్మ అయింది. అసలు పేరు చెక్కు మీద రాయడానికి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. ఒంటికాలయ్యకు గొంతు ఇచ్చినాయన కొంగ మాస్టారు.

ఇద్దరికీ కలిపి ఒకటే మైకు. వాళ్ళు నిలబడే గది బీరువాకు కాస్త పెద్దది, అంతే. గోడలకు దూది కుక్కిన గుడ్డ, ముందు ఒక గాజు కిటికీ, లోపల ఊపిరాడని ఉక్క. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను వేసేవాళ్ళు కాదు. మాస్టారు తాటిచెట్టంత మనిషి, మైకు అందాలంటే వంగాలి. ఈమె పీట ఎక్కాలి. అలా ఒకరు వంగి, ఒకరు ఎక్కి, ఒకే మైకు ముందు మూతులు పెట్టి చెరువంతా పరుగెత్తేవాళ్ళు, చెప్పుల చప్పుడైనా కాకుండా.

ఇద్దరికీ క్షణం పడేది కాదు.

"కొంచెం జరగండి మాస్టారూ. మైకు మీ సొంతమా?"

"నన్ను ముందు మాట పూర్తి చెయ్యనీ కప్పమ్మా. ఏం కొంపలు మునిగాయని?"

ఆయన జరగకపోతే ఈమె పెన్సిలుతో ఆయన డొక్కలో పొడిచేది. ప్రతి మాటకూ ముందు ఆయన ఒక గుటక వేసేవాడు. అది అలవాటు. ఇంజనీరు తర్వాత కూర్చుని ఆ గుటకలన్నీ ఏరి పారేసేవాడు. టీవీ చూసిన పిల్లలెవరికీ ఆ గుటక తెలియదు. కప్పమ్మకు మాత్రం ఆయన మాటకన్నా ముందు గుటకే చెవిన పడేది.

ఒకసారి మాస్టారు జ్వరంతో పడ్డాడు. పని ఆగకూడదని కప్పమ్మ ఒక్కతే నిలబడి తన మాటలన్నీ చెప్పేసింది. చెంగి ఒక మాట అన్నాక ఒంటికాలయ్య జవాబు ఎంత పొడుగుంటుందో అంత ఊరుకుని, మళ్ళీ అందుకుంది. ఆయన ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ గుటక వేస్తాడో, ఎక్కడ దగ్గుతాడో, అన్నింటికీ చోటు వదిలింది. జ్వరం తగ్గి ఆయన వచ్చి తన మాటలు చెబితే, ఒక్కటీ అటూ ఇటూ జరపనక్కర్లేకుండా ఆ ఖాళీల్లో కూర్చున్నాయి. గాజు కిటికీ వెనక ఇంజనీరు నోరు తెరిచాడు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఫరవాలేదు," అన్నాడు. జీవితంలో కప్పమ్మకు చాలామంది చప్పట్లు కొట్టారు. ఆమె దాచుకున్నది ఈ ఒక్క ముక్కనే.

ఆయనకు ఇల్లుంది, భార్య ఉంది, ఒక కూతురుంది. ఈమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది, ఏదీ అబద్ధం కాదు, ఏదీ పూర్తి నిజమూ కాదు. వాళ్ళిద్దరి గురించి చెవులు కొరుక్కున్నవాళ్ళు కొరుక్కున్నారు. అనుకున్నంత ఏమీ లేదు. మరి ఏముందని అడిగితే మాత్రం ఇద్దరూ నీళ్ళు నమిలేవాళ్ళు.

సీరియల్ ఒకనాడు ఆగిపోయింది. ఆఖరి రోజు కూడా ఏదో మాటకు పోట్లాడుకుని, ఒకరికొకరు వెళ్ళొస్తానని కూడా చెప్పుకోకుండా బయటపడ్డారు.

తర్వాత కొన్నాళ్ళకు, మధ్యాహ్నం కప్పమ్మ గిన్నెలు తోముకుంటుంటే ఫోను మోగింది. ఎవరో ముసలావిడ. వణుకుతున్న గొంతు.

"ఏమ్మా, గ్యాస్ ఆఫీసా?"

కాదు అనబోయి కప్పమ్మ ఆగింది. ముసలావిడ మాటకు ముందు ఒక గుటక వినిపించింది. రిసీవరు చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది.

"కాదండీ. రాంగ్ నంబర్," అంది.

"అదేమిటమ్మా, బండ బుక్ చేసి ఎన్నాళ్ళయింది, ఒక్కళ్ళూ పలకరేం? ముసలిదాన్ని, పొయ్యి ముందు కూచుని ఎంతసేపని ఎదురుచూడను?"

"మీ ఇంట్లోవాళ్ళకు చెప్పుకోండి. నాతో చెబితే ఏం లాభం?"

"చెప్పుకుంటే వినేవాళ్ళు ఉండాలిగా," అని ముసలావిడ పెట్టేసింది.

ఆ సాయంత్రమంతా కప్పమ్మ పాట పాడుకుంటూ పని చేసుకుంది. కింద దుకాణంలో మిషను కుట్టుకునే దర్జీ, ఏమిటి విశేషం అని మేడ మెట్ల దాకా వచ్చి అడిగాడు.

అది మొదలు. కొన్నాళ్ళకు ఒక చెప్పుల దుకాణం వాడు, "మీరిచ్చిన కొలతకు ఎడమ కాలు జోడే ఉందండీ, ఒంటికాలితో సర్దుకుంటారా?" అన్నాడు. ఇంకోసారి ముక్కుతో మాట్లాడే పోలీసు, "మీ వీధిలో ఒక కప్ప తప్పిపోయిందని కంప్లెయింటు వచ్చింది, మీరేమైనా చూశారా?" అని గద్దించాడు. కప్పమ్మ ప్రతిసారీ విసుక్కునేది. రాంగ్ నంబర్ అని కసిరేది. కసిరి, పెట్టేయకుండా ఊరుకునేది. తను గుర్తుపట్టానని ఒక్కనాడూ అనలేదు. గుర్తుపట్టావా అని ఆయనా అడగలేదు. అడిగితే ఆట అయిపోతుందని ఇద్దరికీ భయం.

ఒకనాడు కరెంటు ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. గుటక వేశాక చాలాసేపటికి గాని మాట రాలేదు.

"మా ఆవిడ పోయిందండీ. ఇంక బిల్లు ఎవరి పేరున రాయాలో తెలియడం లేదు."

అలవాటు కొద్దీ, "రాంగ్ నంబరండీ," అని వచ్చేసింది కప్పమ్మ నోట్లోంచి. నాలుక కరుచుకుంది. అవతల ఏ చప్పుడూ లేదు. పెట్టేశాడేమోనని భయపడి ఆమే అడిగింది.

"ఇంకా లైన్లోనే ఉన్నారా?"

"ఉన్నానండీ."

"అయితే ఉండండి."

ఇద్దరూ అలా రిసీవర్లు చెవులకు ఆనించుకుని, ఒక్క మాట అనుకోకుండా, కింద మిషన్లు ఆగి దర్జీ దుకాణం కట్టేసేదాకా ఉన్నారు.

ఇంత జరిగినా, కప్పమ్మ తనంతట తను ఆయనకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆయన ఇంటి నంబరు జ్వరం నాటి నుంచీ ఆమెకు నోటికి వచ్చు. ఎందుకు చేయలేదంటే, వెంటపడటం కొంగ పని, తప్పించుకోవడం కప్ప పని అనుకుంది. పైకి అలా అనుకుంది గానీ లోపల ఉన్నది పొగరు. ముందు తను చేస్తే లోకువైపోతానని పొగరు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు ఫోన్లు ఆగిపోయాయి. ఒక వారం చూసింది. రెండు వారాలు చూసింది. రిసీవరు ఎత్తి, లైను పనిచేస్తోందో లేదోనని విని పెట్టేది. స్నానానికి వెళ్తే తలుపు ఓరగా వేసుకునేది. అందరూ సెల్‌ఫోన్లకు మారి ఎన్నాళ్ళో అయినా ఆమె ఈ తీగ ఫోను తీయించకపోవడానికి కారణం ఆయనే. ఇప్పుడు అది బల్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? మీ ఇంటి నుంచి నాకు రాంగ్ నంబర్లు రావడం లేదేమండీ అని అడిగే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

ఆయనకు విసుగొచ్చింది, అంతే అని తేల్చుకుంది. ముసలితనంలో ఈ వేషాలు ఎన్నాళ్ళు వేస్తాడు? పోనీ, నాకేం అవసరం అని తనూ మొండికేసింది. వానలు వెలిసి, చలి వచ్చినా ఆ అలక తీరలేదు. చెప్పడానికేముంది, ఆ నెలల్లో ఆమెతో మాట్లాడినవాళ్ళు ఇన్సూరెన్సు వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, ఫ్లాట్ల వాళ్ళు. ఒకసారి ఇన్సూరెన్సు అమ్మాయి తలుపు గడియ పెట్టుకో పాపా అంటే, కప్పమ్మ రిసీవరు పట్టుకుని ఏడ్చేసింది. ఆ అమ్మాయి హడలిపోయింది.

అలాంటప్పుడు స్టూడియో నుంచి పిలుపు వచ్చింది. పాత కప్ప, కొంగ సీరియల్ మళ్ళీ తీస్తున్నారట. ఈసారి పెద్దవాళ్ళ కోసమట.

పెద్దవాళ్ళ కోసమంటే బూతులుంటాయేమోనని కప్పమ్మ జంకింది. కానీ చెంగి ఉందంటే ఒంటికాలయ్యా ఉండాలిగా. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, చెప్పిన వేళకన్నా ముందే చేరింది. చేతిసంచీలో ఒక పెన్సిలు వేసుకుంది, మొన బాగా చెక్కి మరీ. ఇన్నాళ్ళ అలకకు ఒక్కటైనా గట్టిగా పొడవకపోతే ఎలా?

డైరెక్టరు ఒక అమ్మాయి. చిన్నప్పుడు చెంగిని చూస్తేగాని అన్నం తినేది కాదట. కథ చెప్పింది. చెరువు పూడ్చి మేడలు కట్టేశారు. ఒంటికాలయ్య ఒక మేడలో పై అంతస్తులో ఉంటాడు. నిలబడే ఆ ఒక్క కాలికీ నొప్పులు. చెంగి ఎదురు మేడలో అద్దెకుంటుంది. గెంతడం మానేసింది, లిఫ్టులో వెళ్తుంది. దాన్ని తినాలని ఇప్పుడెవరికీ లేదు. బూతులు లేవు. అంతకన్నా ఘోరమైనవి ఉన్నాయి: అద్దెలు, మోకాళ్ళు, పలకరించేవాళ్ళు లేకపోవడం. చివరికి చెంగి తనే వెళ్ళి కొంగ తలుపు కొడుతుంది.

కప్పమ్మ అంతా విని, "మాస్టారు ఎన్నింటికి వస్తారు?" అని అడిగింది.

డైరెక్టరు ముఖం చిన్నబుచ్చుకుంది. "మీకు తెలుసనుకున్నానమ్మా. వానల ముందు ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణానికేం భయం లేదట. మాట మాత్రం ఇంక రాదు. వాళ్ళమ్మాయి చెప్పింది. కొంగకు వేరే ఆయన్ని పెట్టాం, ఆయన రేపొచ్చి విడిగా చెబుతారు."

కప్పమ్మకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. తన మీద తనకు. ఆయన మాట పోగొట్టుకుని మంచంలో ఉంటే తను ఇక్కడ మూతి ముడుచుకుని కూర్చుంది. అన్ని గొంతులున్న మనిషికి ఒక్కటీ మిగల్లేదు, ఇంక ఏ గొంతుతో ఫోన్ చేస్తాడు?

లోపలికి వెళ్ళి నిలబడింది. ఇప్పుడు గది పెద్దది, చల్లగా ఉంది. మైకును ఆమె మూతి దాకా దించారు, పీట అక్కర్లేదు. జరగండి అనడానికి పక్కన ఎవరూ లేరు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. ముందు తలుపు కొట్టే ఘట్టమే రికార్డు చేస్తామన్నారు. చెంగి మొదటి మాట చెప్పింది.

"తలుపు తియ్యి. నేనే."

చెప్పి, ఊరుకుంది. ఊరుకుని, ఊరుకుని, తర్వాతి మాట అందుకుంది.

ఇంజనీరు గొంతు చెవిలో వినిపించింది. "మధ్యలో ఖాళీ వదలక్కర్లేదమ్మా. మీ మాటలు వరసగా చెప్పేయండి. కొంగవి తర్వాత మేం పేర్చుకుంటాం."

సరే అంది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఖాళీ వదిలింది. కావాలని కాదు. ఒంటికాలయ్య గుటక వేయకుండా, తన మాట అనకుండా చెంగి నోరు ఎలా తెరుస్తుంది? మూడోసారికి ఇంజనీరు పైకి ఏమీ అనలేదు గానీ, గాజు వెనక నుదురు రుద్దుకున్నాడు. అన్నింటికన్నా పెద్ద కష్టం ఆఖరి మాట దగ్గర వచ్చింది. నిన్ను తినే ఓపిక నాకింక లేదని కొంగ లోపలి నుంచి అంటే, చెంగి తలుపు ముందు నిలబడి అనాలి: "తినమని ఎవరన్నారు? నువ్వు వెతకడం మానేశాక, నేనెక్కడున్నానో అడిగేవాళ్ళే లేరు." ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కప్పమ్మ ఆగిపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు.

"ఇవాళ్టికి చాలమ్మా. రేపు చూద్దాం," అంది డైరెక్టరు. రేపు కూడా ఆ మాట రాకపోతే చెంగికి వేరే గొంతు వెతుక్కుంటారని కప్పమ్మకు తెలుసు. విచిత్రం, ఆ భయం ఆమెను పెద్దగా తాకలేదు. పెన్సిలు సంచీలో అలాగే ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున, కింద దర్జీ దుకాణం తెరిచి మొదటి మిషను చప్పుడు మొదలయ్యాక, కప్పమ్మ రిసీవరు ఎత్తింది. ఆ నంబరు మీద ఆమె వేలు పడటం అదే మొదలు. మాట రాని మనిషికి ఫోన్ చేయడం వెక్కిరింపు అవుతుందేమో. ఆయన మొహం తిప్పుకుంటే, ఇన్నేళ్ళ ఆటా ఇక్కడితో సరి. అయినా నంబరు తిప్పింది.

ఒక ఆడమనిషి ఎత్తింది. మాస్టారి కూతురు కాబోలు.

"హలో?"

మగగొంతో, ముసలిగొంతో పెడదామనుకుంది కప్పమ్మ. ఆమెకు వచ్చింది ఒక్కటే గొంతు.

"గ్యాస్ ఆఫీసా అండీ?"

"కాదు పాపా, రాంగ్ నంబర్. ఎవరు కావాలమ్మా నీకు?"

కప్పమ్మ ఫోను తీగను వేలికి చుట్టుకుంది. అవతల పెట్టేసేలా ఉంది. ఇంతలో దూరంగా, గ్లాసుతో బల్ల మీద టకటకా కొట్టిన చప్పుడు.

"ఏంటి నాన్నా? నీళ్ళా? ఫోనా? రాంగ్ నంబర్ నాన్నా, ఎవరో చిన్నపిల్ల." మళ్ళీ టకటకా. "మీరేం మాట్లాడతారు నాన్నా... సరే సరే, తీసుకోండి."

ఏవో సర్దుకుంటున్న చప్పుళ్ళయ్యాయి. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక గుటక.

కప్పమ్మ రెండు చేతులతో రిసీవరు పట్టుకుంది.

"గ్యాస్ ఆఫీసా?"

ఊరుకుంది. కాదు, ఇది పోలీసు స్టేషను, ఎవరు నువ్వు అని ముక్కుతో గద్దించడానికి ఎంత పడుతుందో అంతసేపు.

"పోలీసు స్టేషనా? మంచిదే. అయితే ఒక కంప్లెయింటు రాసుకోండి. మా వీధికి రోజూ ఫోన్లు చేసే మనిషి తప్పిపోయాడు. తాటిచెట్టంత ఉంటాడు. మైకు ఎవరికీ ఇవ్వడు."

మళ్ళీ ఊరుకుంది. ఇంకేమో అనబోయేసరికి, అవతల రిసీవరు మీద గోటితో టక్కున కొట్టిన చప్పుడైంది. తన మాట ఇంకా పూర్తి కాలేదట. ఈమె ముందే అందుకుంటోందట. కప్పమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆయన అనాలనుకున్నది ఎంత పొడుగో తెలియదు. గోరు ఇంక మోగదని నమ్మకం కుదిరేదాకా ఆగింది.

"నేను ముందే చేయాల్సింది మాస్టారూ," అంది. ఆయన్ని ఫోనులో మాస్టారూ అని పిలవడం అదే మొదలు. "మీరు విసిగిపోయారనుకున్నాను. అలిగాను. నాకు తెలియలేదు."

ఊరుకుంది. గోరు మోగలేదు.

అప్పుడు చెంగి గొంతుతో, నిన్న ఎంత గింజుకున్నా రాని మాట అంది. "తినమని ఎవరన్నారు? నువ్వు వెతకడం మానేశాక, నేనెక్కడున్నానో అడిగేవాళ్ళే లేరు."

ఆ మాటకు ఒంటికాలయ్య జవాబు కాగితంలో రాసి లేదు. తలుపు తెరుచుకోవడంతో కథ అయిపోతుంది. కప్పమ్మ అయినా ఆయనకు చోటు వదిలింది. కింద రెండో మిషను కూడా మొదలైంది. స్టూడియోకు వేళవుతోంది. అవతల ఏ చప్పుడూ లేదు, గుటక కూడా లేదు.

"ఇంకా లైన్లోనే ఉన్నారా?"

టక్.

"అయితే ఉండండి," అని కప్పమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.